ఏడో సెక్షనూ, ఎముకల మాత్రా

టైపమ్మ కోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు స్టెనోగా పనిచేసింది. అన్నేళ్ళలో కోర్టు హాల్లో ఆవిడ నోరు విప్పింది రెండంటే రెండు సార్లు. ఒకసారి నెత్తిమీద ఫ్యాను ఊడిపడేలా ఉందని జడ్జిగారికి చెప్పడానికి, ఇంకోసారి తుమ్మినందుకు క్షమించమనడానికి. ఆ తుమ్మునీ తనే రికార్డులో రాసుకుంది.

అదీ ఆవిడ తరహా. సాక్షి చెప్పిన మాటలే కాదు, చెప్పేముందు గుటక మింగితే అదీ బ్రాకెట్లో ఎక్కేది. లాయరు కాగితాల కోసం సంచంతా కెలికి, దొరక్క మొహం తుడుచుకుంటే అదీ ఎక్కేది. ఒక పెద్ద లాయరు ఆవిడ దగ్గరికొచ్చి, "నేను ఆవలించినట్టు రాశారు, అది తీసేద్దురూ" అని గొంతు తగ్గించి అడిగాడు. మర్నాడు రికార్డు చూస్తే ఆవలింత అలాగే ఉంది, దాని కింద (లాయరుగారు పై ఆవలింతను తీసివేయమని కోరిరి) అని ఇంకో లైను చేరింది. ఆ తర్వాత ఆ కోర్టులో ఎవరూ ఆవిడని ఏమీ అడగలేదు. రికార్డులోంచి ఒక్క మాట తియ్యాలన్నా జడ్జిగారి ఉత్తర్వు కావాలనేది ఆవిడ నమ్మకం.

పగలంతా కట్టేసుకున్న నోరు సాయంత్రం ఇంటికొచ్చాక తెరుచుకునేది. భర్తకి బజారు మలుపులో గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. మనిషి నిదానస్తుడు. చేతి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏ చక్రం బద్ధకిస్తోందో మూత తియ్యకుండానే చెప్పేవాడు. సాయంత్రం ఆయన టీ తాగుతూ కూర్చుంటే, ఆవిడ ఆ రోజు కోర్టులో ఎవడు ఎంత అబద్ధమాడాడో, ఎవడి బూటుకి చిల్లు పడిందో అన్నీ ఏకరువు పెట్టేది. ఆయన మధ్యమధ్యలో "ఊఁ, తర్వాత?" అనేవాడు. ఆ కాపురం ఆ రెండు మాటల మీద ఎన్నో ఏళ్ళు నడిచింది.

అరవై దాటాక ఆయన చెవులు మొరాయించాయి. ముందు చిన్న గడియారాలు వినపడటం మానేశాయి, తర్వాత గోడ గడియారాలు, రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ కూడా. చెవి మెషీను పెట్టిస్తే ఈల వేసింది తప్ప మాట వినిపించలేదు. కొట్టు మూసేశాడు. కొట్టుతో పాటు నోరూ మూసేశాడు. ఆవిడ కాగితాల మీద రాసి ఇస్తే చదివి, తలూపి, రసీదు తిరిగిచ్చినట్టు ఆ కాగితాన్ని తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టేవాడు. అప్పటికి టైపమ్మ రిటైరైంది. పగలు మాట్లాడకూడని ఉద్యోగం పోయింది గానీ, సాయంత్రం మాట్లాడే మనిషి కూడా పోయాడు. ఒక ఏడాదిపాటు ఆ ఇంట్లో కుక్కరు తప్ప ఎవరూ నోరెత్తలేదు.

ఆ స్థితిలో తమ్ముడి కూతురు ఒకరోజు వచ్చి టీవీకి ఏదో తీగ తగిలించి, ఒక సైటు చూపించింది.

"ఇందులో అన్ని సినిమాలూ ఉంటాయత్తా. ఫ్రీ."

"మీ మామయ్యకి వినపడదు కదే."

"నువ్వు టైపు చేస్తావు కదా. మాటలన్నీ కొట్టెయ్. కింద అక్షరాలు పడతాయి, మామయ్య చదువుకుంటాడు."

అది దొంగ సైటని ఆవిడకి తెలియదా అంటే, తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు దొంగల వాంగ్మూలాలు రాసిన మనిషికి దొంగతనం ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. కానీ థియేటరుకి వెళ్తే తెర కింద అక్షరాలు లేవు. నెలనెలా చందా కట్టి చూసే చోటా లేవు, ఉన్న ఒకటి రెండూ పరాయి భాషలో ఉన్నాయి. కొందామంటే అమ్మేవాడు లేని సరుకది. ఈ వాదన తన మనస్సాక్షి ముందు తనే వినిపించి, తీర్పు తనకి అనుకూలంగా తనే రాసుకుంది.

ఒక్కో సినిమాకి నాలుగు రోజులు పట్టేది. ఒక మాట వినడం, ఆపడం, కొట్టడం, మళ్ళీ వినడం. చేతికి పట్టిన అలవాటు ఊరుకోదు కాబట్టి బ్రాకెట్లు కూడా పడ్డాయి. (తలుపు కిర్రుమన్నది). (వంటగదిలో ఎవరో గిన్నె పడవేసిరి, ఎవరో చూపించలేదు). మొదటి సినిమాలో హీరో తల్లి కొడుకుని పట్టుకుని పది నిమిషాలు ఏడ్చింది. టైపమ్మకి విసుగొచ్చి (ఏడుపు ఇంకను కొనసాగుచున్నది) అని కొట్టింది. ఆ రోజు సాయంత్రం అక్కడికి రాగానే ఆయన పకపకా నవ్వాడు. ఏడాది తర్వాత ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వది. టైపమ్మ వంటగదిలోకి వెళ్ళి, కొళాయి తిప్పి, కాసేపు ఏడ్చి వచ్చింది.

ఇంక ఆవిడ ఆగుతుందా? రెండో సినిమా నుంచి బ్రాకెట్లు కోర్టు భాష వదిలేసి ఇంటి భాషలోకి దిగాయి. (ఈ పిల్ల నడక అచ్చం మీ పెద్దక్కయ్య నడకే కదూ?) (నిన్న పాలు పొంగబెట్టింది మీరే. పిల్లి మీదికి తోసెయ్యకండి.) (ఈ ఇన్‌స్పెక్టరు చొక్కాకి రెండో గుండీ లేదు. మీ నీలం చొక్కాకీ లేదు, విప్పి ఇవ్వండి.) ఆయనకి ఆరింటికి ఎముకల మాత్ర ఉంది. ఐదుంబావుకి సినిమా మొదలుపెడితే సరిగ్గా రెండో పాటకి ఆరవుతుంది. అందుకని ప్రతి సినిమాలోనూ రెండో పాట కింద (పాట ఏమంత బాగాలేదు. ఈలోగా మాత్ర వేసుకోండి) అని ఉండేది. ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా జేబులోంచి డబ్బా తీసి మాత్ర మింగేవాడు. పాట బాగున్నా సరే, బాగాలేదనే రాసేది. బాగుందంటే పాటే చూస్తూ కూర్చుంటాడని ఆవిడ భయం.

అక్షరాలు టీవీలో పడాలంటే వాటిని ఆ సైటులోనే పెట్టాలని మేనకోడలు నేర్పింది. సైటులో పెడితే ఊరందరికీ కనపడతాయని మాత్రం ఆవిడకి ముందు తట్టలేదు. ఆరు నెలలు గడిచాక సినిమా కింద జనం రాసిన ఉత్తరాలు చూశాక తెలిసింది. 'బ్రాకెట్లమ్మా, మీ ఆయన నీలం చొక్కాకి గుండీ కుట్టారా?' అని ఒకరు. 'మీరు గుర్తుచేస్తుంటే మా నాన్న కూడా మాత్ర వేసుకుంటున్నాడు. ఆయనకీ వినపడదు' అని ఇంకొకరు. ఆడపడుచు నడక సంగతి వేలమంది చదివారని తెలిశాక ఆవిడ రెండు రోజులు సిగ్గుతో చితికిపోయింది. మూడో రోజు కొత్త సినిమా మొదలుపెట్టింది.

అలా మూడేళ్ళు గడిచాక ప్రభుత్వం నడుం బిగించింది. ఒక్క వారంలో వందల సైట్లు మూసేశారు, ఎవరెవరినో పట్టుకున్నారు. ఎక్కడ చూసినా అదే గొడవ. ఎన్నో కుటుంబాల కూడు దోచుకుంటున్నారని ఒకరంటే, టికెట్టు ధర చూసి మాట్లాడమని ఇంకొకరు. బస్సులో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఈ మాట మీద తగువాడుకుని, దిగేటప్పుడు ఒకరి గొడుగు ఒకరు పట్టుకుపోయారు. సోమవారం సాయంత్రం ఐదుంబావుకి టైపమ్మ ఇంట్లో టీవీ మీద సినిమాకి బదులు 'ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు ఈ పేజీ మూసివేయబడినది' అని పడింది. ఆయన దాన్ని శ్రద్ధగా చదివి, ఇంకా ఏమన్నా వస్తుందేమోనని ఇరవై నిమిషాలు చూశాడు. మంగళవారమూ అంతే. బుధవారం నుంచి టీవీ ముందు కూర్చోలేదు, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ వీపు చూస్తే టైపమ్మకి కుక్కరు తప్ప ఎవరూ నోరెత్తని రోజులు గుర్తొచ్చాయి. మళ్ళీ ఆ ఏడాది లాంటి ఏడాది ఇంకొకటి తను భరించలేదు.

గురువారం మేనకోడలు ఫోను చేసింది. ఆ పిల్లకి ఈమధ్యే ఉద్యోగమొచ్చింది, అదీ సినిమా దొంగతనాల మీద కొత్త చట్టం రాస్తున్న ఆఫీసులోనే.

"అత్తా, చట్టం మీద జనం అభిప్రాయాలు అడిగే సభ ఉంది. రికార్డు రాయడానికి షార్ట్‌హ్యాండ్ వచ్చినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. నీ పేరిచ్చాను."

"నన్నా? బుద్ధుందా నీకు?"

"నువ్వెలాగూ మాట్లాడవు కదత్తా. రాసుకో, వచ్చెయ్. ఎవరైనా అడిగితే, నీకూ నాకూ ఆ సైటుతో సంబంధమే లేదు."

చట్టం చిత్తుప్రతి ముందే ఇంటికొచ్చింది. టైపమ్మ కళ్ళజోడు పెట్టుకుని అలవాటుగా మొదటి అక్షరం నుంచి చదివింది. ఏడో సెక్షను దగ్గర ఆగింది. దొంగిలించిన సినిమాకు అక్షరాలు గానీ, అనువాదం గానీ, శబ్దం గానీ చేర్చిన ప్రతివారికీ మూడేళ్ళ వరకు జైలు. తనకి పడబోయే శిక్ష మీద జరిగే వాదనని తనే రాయాలన్నమాట. ఆ సెక్షన్లో ఒక కామా తప్పు పడితే దాన్ని కూడా దిద్ది పెట్టింది.

భర్తని సభకి రావద్దని కాగితం మీద రాసి చూపించింది. చదివి తలూపాడు. తీరా ఆవిడ వేదిక పక్క బల్ల దగ్గర కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకుంటూ తలెత్తి చూస్తే, మూడో వరసలో నీలం చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. తల అడ్డంగా ఊపి కళ్ళెర్రజేసింది. వినపడలేదన్నట్టు చెవి చూపించాడు. చెవులు పోయాక ఆయనకి ఆ ఒక్క సాకూ బాగా కలిసొచ్చింది.

సభకి అధ్యక్షుడు ఒక రిటైర్డు జడ్జి. టైపమ్మ చేత వెయ్యి తీర్పులు రాయించిన మనిషే. హాలు కిక్కిరిసిపోయింది. ఒక ట్యూషన్ల పంతులు లేచి, మూసేసిన సైట్లలో తన పాఠాలు కూడా పోయాయని, తను ఎవరి సినిమా దొంగిలించాడో చెప్పమని నిలదీశాడు. ఒక గృహిణి, నలుగురం థియేటరుకి వెళ్ళొస్తే ఆ నెల ఇంకేం కొనక్కర్లేదని చెప్పింది. టైపమ్మ పెన్సిలు పరుగెత్తింది. తర్వాత ఒక లైట్‌మన్ మైకు దగ్గరికొచ్చాడు. షూటింగుల్లో దీపాలు మోసి మోసి భుజం ఒకవైపు వాలిపోయిన మనిషి.

"హీరోకి ఏమీ కాదండి. సినిమా పోతే ఆయన ఇంకో సినిమా చేస్తాడు. మా నిర్మాత మాత్రం ఇంకోటి తియ్యలేదు. మూడు నెలలుగా నాకు పనిలేదు. ఫ్రీగా చూసినవాళ్ళు నన్నేం చెయ్యలేదనుకుంటారు. నేను వాళ్ళకి కనపడను కదండి."

టైపమ్మ పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. ఆవిడ తనకి తాను ఇచ్చుకున్న తీర్పులో ఈ సాక్షిని పిలవనే లేదు. తప్పు చేశాననిపించింది, నిజంగానే అనిపించింది. ఆ మనిషి చెప్పింది ఒక్క ముక్క పోకుండా రాసుకుంది.

అప్పుడు లేచాడు నిర్మాతల తరఫు లాయరు. ఇస్త్రీ నలగని కోటు, అంతకన్నా నలగని గొంతు.

"చెవిటివాళ్ళ పేరు చెప్పుకుని కొందరు ఈ దొంగల్ని వెనకేసుకొస్తున్నారు. అక్షరాలు మేము ఇవ్వడం లేదట. అయ్యా, ఈ నెల నుంచి మా యాప్‌లో మొత్తం నలభై సినిమాలకి అక్షరాలు పెట్టాం. మా సొంత నిపుణులు రాశారు. ఒక నమూనా చూడండి."

దీపాలు ఆర్పారు. తెర మీద హీరో, హీరోయిన్ పాట మొదలైంది. అది రెండో పాట. కింద తెల్లటి అక్షరాలు శుభ్రంగా వరస కట్టాయి.

(పాట ఏమంత బాగాలేదు. ఈలోగా మాత్ర వేసుకోండి.)

హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో మూడో వరసలో డబ్బా మూత టిక్కుమంది. నీలం చొక్కా పెద్దమనిషి తెర మీంచి చూపు తిప్పకుండా మాత్ర నోట్లో వేసుకుని, సీసాలో నీళ్ళు తాగి, మూతి తుడుచుకున్నాడు.

ముందు ఒక మూల నుంచి కిసుక్కుమన్నారు. తర్వాత హాలు హాలంతా విరగబడి నవ్వింది. 'బ్రాకెట్లమ్మ' అని వెనక నుంచి ఎవరో అరిచారు. లాయరు తెర వైపు చూసి, తన సహాయకుల వైపు చూసి, నీళ్ళు నమిలాడు. మేనకోడలు ఫైలు అడ్డం పెట్టుకుంది. పగలు పదకొండింటికి సాయంత్రం మాత్ర మింగిన మొగుణ్ణి చూసి, భూమి నోరు తెరిస్తే బాగుండుననుకుంది టైపమ్మ. అలా అనుకుంటూనే చేత్తో రాసింది: (లాయరుగారు నీళ్ళు నమిలిరి. మూడవ వరసలోని ఒక వ్యక్తి మాత్ర మింగెను.)

జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆ బల్ల వైపు తిరిగారు. ఆ బ్రాకెట్ల వాలకం ఆయనకి కొత్తేమీ కాదు.

"టైపమ్మగారూ, ఆయన మీవారే కదూ?"

ఆవిడ తలూపింది.

"ఆ అక్షరాలు?"

టైపమ్మకి రెండు దారులున్నాయి. రాసేవాళ్ళు మాట్లాడకూడదని కూర్చుండిపోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కానీ ఏడో సెక్షను అలాగే పాసైతే మూడో వరసలో ఉన్న మనిషి మళ్ళీ గోడవైపు తిరుగుతాడు. ఆవిడ పెన్సిలు కింద పెట్టి, లేచి మైకు దగ్గరికి నడిచింది.

"మీరు మాట్లాడితే మరి రాసేదెవరు?" అన్నారు జడ్జిగారు.

మేనకోడలు ఫైలు పక్కన పెట్టింది. తెరకి కలిపి ఉన్న కంప్యూటరు ముందుకి వెళ్ళి కూర్చుని, రెండు వేళ్ళతో కొట్టడానికి సిద్ధమైంది. ఆ పిల్లకి ఉద్యోగం మీద భయముంది, అయినా వెళ్ళింది. టైపమ్మ చెప్పే ప్రతి మాటా తెర మీద తప్పుల తడకగా పడుతుంటే, ఆయన మూడో వరసలోంచి మెడ చాచి చదివాడు.

"అవి నేనే రాశానండి. దొంగ సైటులోనే పెట్టాను. ఈ లైట్‌మన్‌గారికి నావల్ల నష్టం జరిగింది, దానికి నేను తలవంచుకుంటున్నాను. కానీ మా ఆయనకి వినపడదు. ఆయన చూసే సినిమాలకి అక్షరాలు ఎక్కడా అమ్మలేదు. ఇవాళ అమ్ముతున్నామంటున్నారు, అవీ నా దగ్గరే ఎత్తుకెళ్ళినవి. ఎత్తుకెళ్ళేవాళ్ళు కనీసం చదివి ఎత్తుకెళ్ళాలి కదండీ. మీరు మూడేళ్ళు వేస్తే నేను వెళ్తాను. లాయరుగారి నిపుణులు కూడా నాతో వస్తారా?"

ఈసారి లైట్‌మన్ కూడా నవ్వాడు. లాయరు గబగబా సహాయకులతో మంతనాలాడి, ఆవిడ మీద తమకేమీ ఫిర్యాదు లేదన్నాడు. ఏడో సెక్షన్ని ఇలాగే పంపడం కుదరదని, తిరగరాయాలని జడ్జిగారు చెప్పారు. దాంతో లాయరుకి ప్రాణం లేచొచ్చింది.

"అంతేకాదు, ఇకనుంచి ప్రతి సినిమాకీ మా నిపుణులే స్వయంగా అక్షరాలు రాస్తారు. చక్కగా, శుభ్రంగా. ఈ సొంత కబుర్లు, బ్రాకెట్లు ఒక్కటీ లేకుండా."

హాలు చప్పట్లు కొట్టింది. టైపమ్మ కూడా కొట్టింది. కోరుకున్నది దొరికింది మరి. మేనకోడలు ఆ హామీని అక్షరం అక్షరం తెర మీదికెక్కించింది. ఆయన అది చివరిదాకా చదివి, మెల్లగా లేచి నిలబడ్డాడు. వినపడని మనిషి కదా, గొంతు ఎంత పెద్దదో తెలియదు. మైకు లేకుండానే హాలంతా మోగింది.

"బ్రాకెట్లు లేకపోతే నాకు వద్దండి. నాకు సినిమాలంటే మొదట్నుంచీ పడదు."

టైపమ్మ నిర్ఘాంతపోయింది. తర్వాత ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళు, ఒక్కో సినిమాకి నాలుగు రోజులు, వేళ్ళ కీళ్ళు పట్టేసేదాకా. ఆయనకి వినపడదన్న సంగతి కూడా మరిచిపోయి మైకులోనే అరిచింది.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా. అన్ని సినిమాలు నాచేత ఎందుకు రాయించారు?"

మేనకోడలు రెండు వేళ్ళతో అదీ కొట్టింది. ఆయన చదివాడు. జవాబు చెప్పడానికి కాస్త సిగ్గుపడ్డాడు.

"చెబితే నాతో మాట్లాడటం మానేస్తావేమోనని."

మేనకోడలు ఆ మాటని కూడా తెర మీద కొట్టబోయి ఆగింది. అత్తకి చెవులు బాగానే వినపడతాయి.